జర్కాట్ కణాల్లో ఎన్‌ఫ్యాట్-1 బ్యాండ్ జరుగుతలేదు: ఐయోనోమైసిన్ పాడైందా, పద్ధతిలో తప్పుందా?

శ్రావణి_హనుమకొండ

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్టు పని. టీ కణం (రోగనిరోధక కణం) ఉత్తేజం పొందినప్పుడు ఎన్‌ఫ్యాట్-1 (జన్యువులను తెరిచే ప్రొటీన్) మీది ఫాస్ఫేట్లు ఊడిపోయి, అది సైటోప్లాజం నుంచి కేంద్రకంలోకి పోతదని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను జెల్ మీద విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చూపించాలె. ఫాస్ఫేట్లు ఊడితే జెల్‌లో దాని బ్యాండ్ కిందికి జరగాలె. మూడుసార్లు చేసిన. ఉత్తేజం ఇచ్చిన లేన్, ఇవ్వని లేన్ మూడుసార్లూ ఒక్క తీరుగనే వచ్చినయి.

పద్ధతి ఇది. జర్కాట్ ఈ6-1 కణాలు (ల్యాబులో పెంచే మనిషి టీ కణాలు), ఆర్‌పీఎంఐ 1640 పోషక ద్రావణంలో 10% ఎఫ్‌బీఎస్ (దూడ సీరం)తో పెంచినవి. పీబీఎస్ (ఉప్పు బఫర్)తో రెండుసార్లు కడిగి, పీబీఎస్‌లోనే మి.లీ.కు 10 లక్షల చొప్పున కలిపిన. ఉత్తేజానికి ఐయోనోమైసిన్ 1 మైక్రోమోలార్, 37 డిగ్రీల్లో 20 నిమిషాలు. తర్వాత ఐస్ మీద పెట్టి, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ (కాల్షియాన్ని కట్టేసేది) ఉన్న చల్లటి పీబీఎస్‌తో రెండుసార్లు కడిగిన. రిపా బఫర్ (కణాలను పగలగొట్టేది)లో అరగంట, స్పిన్, పైన తేలిన ద్రవంలోంచి 30 మైక్రోగ్రాములు 12% జెల్ మీద. యాంటీబాడీ సీసా మీద ‘ఎన్‌ఫ్యాట్ సీ1’ అని ఉన్నది. 80 నుంచి 130 కిలోడాల్టన్ల నడుమ మూడు నాలుగు బ్యాండ్లు కనబడుతున్నయి, ఏది మనదో తెలుస్తలేదు. సైక్లోస్పోరిన్ (ఈ ఉత్తేజాన్ని ఆపే మందు) వేసిన లేన్ కూడా అట్లనే ఉన్నది.

ఇంకొకటి: ఐయోనోమైసిన్ ఒక్కదానితో 24 గంటలు పెట్టి ఐఎల్-2 (ఉత్తేజిత టీ కణం వదిలే సంకేత ప్రొటీన్) ఎంతుందో ఎలైజాతో కొలిస్తే బ్లాంకుకు సమానంగా వచ్చింది. వయల్ పాడైందంటరా? కొత్తది తెప్పించాలంటే నెల పడతది.

గొలుసుకట్టు

వయల్‌ను అనుమానించకు చెల్లె. నువ్వు రాసిన పద్ధతిలో కొత్త వయల్ వేసినా ఇదే బ్లాట్ వస్తది.

ఎన్‌ఫ్యాట్ కథంతా కాల్షియం కథ. టీసీఆర్‌కు (టీ కణం పొర మీది గ్రాహకం) సంకేతం తగిలితే ఎల్‌సీకే, జ్యాప్-70, ల్యాట్ మీదుగా పీఎల్‌సీ గామా-1 దాకా పోతది, అది ఐపీ3 తయారుచేస్తది, ఐపీ3 పోయి ఈఆర్ (కణంలో కాల్షియం నిల్వ ఉండే గది) లోపలి కాల్షియాన్ని వదిలిస్తది. ఇక్కడిదాకా అందరూ చదివిందే. కానీ ఈఆర్‌లో ఉన్న కాల్షియం చిన్న కుంట నీళ్లంత. ఎన్‌ఫ్యాట్‌ను కేంద్రకంలో నిలబెట్టేటందుకు అది సరిపోదు. మన పాకాల, రామప్ప దిక్కు గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్లు వస్తయి. కణంలో దానికి తిరగేసి ఉంటది: లోపలి కుంట ఎండితేనే బయటి తూము తెరుచుకుంటది. కుంట మట్టం పడిపోయిందని కనిపెట్టేది స్టిమ్-1, తెరుచుకునే తూము పొర మీది ఒరాయ్-1. బయటి కాల్షియం ఆ తూములోంచి గంటల కొద్దీ వస్తుంటేనే కాల్సిన్యూరిన్ ఎంజైము పనిచేస్తది, ఎన్‌ఫ్యాట్ మీది ఫాస్ఫేట్లను కోస్తది. ఒరాయ్-1లో ఒక్క అమైనో ఆమ్లం మారిన పిల్లలకు టీ కణాలు ఉండి కూడా పనిచేయవు, తీవ్రమైన రోగనిరోధక లోపం వస్తదని 2006లో తేలింది. తూము అంత ముఖ్యం.

ఇప్పుడు నీ పద్ధతి చూడు. మామూలు పీబీఎస్‌లో కాల్షియం లేదు. ఐయోనోమైసిన్ అంటే కాల్షియాన్ని పొర దాటించే మోతకూలీ. బయట మోసేటందుకు సరుకే లేకపోతే ఈఆర్‌లో ఉన్నది కాసేపు బయటికి తెస్తది, అంతే. నిమిషాల్లో మట్టం మళ్లీ పడిపోతది.

రెండో తప్పు కడగడం. ఎన్‌ఫ్యాట్‌కు జ్ఞాపకం లేదు. కాల్షియం తగ్గంగనే జీఎస్‌కే-3, సీకే-1, డైర్క్ కైనేజులు ఫాస్ఫేట్లను తిరిగి అతికిస్తయి, ప్రొటీన్ నిమిషాల్లో బయటికి వచ్చేస్తది. ఒకవేళ ఉత్తేజం మంచిగ తగిలినా, ఈడీటీఏతో రెండు కడుగులంటే నీ చేత్తోనే దాన్ని వెనక్కి పంపినట్టు. ఐస్ వేగాన్ని తగ్గిస్తది గని పూర్తిగా ఆపదు.

అందుకే కడగడమే వద్దు. ప్రొటీన్ లేని, కాల్షియం ఉన్న రింగర్ ద్రావణంలో ఉత్తేజం ఇచ్చి, అదే ట్యూబులో వేడి ఎస్‌డీఎస్ బఫర్ పోసి అక్కడికక్కడే అన్ని ఎంజైములనూ చంపు. అర లీటరు రింగర్‌కు: సోడియం క్లోరైడ్ 4.53 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.168 గ్రా., కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.147 గ్రా., మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.102 గ్రా., గ్లూకోజ్ 0.90 గ్రా., హెపీస్ 0.596 గ్రా. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4కు తెచ్చి 0.22 మైక్రాన్ ఫిల్టర్ పట్టు. ఇందులో కాల్షియం 2 మిల్లీమోలార్ ఉంటది. ఆర్‌పీఎంఐలో 0.4 చిల్లరే, దానితో కూడా పని అయితది గని 10% సీరం ఉంటే ఆల్బుమిన్ జెల్‌ను మింగేస్తది, వేడి బఫర్ పద్ధతి కుదరదు.

కణాలను రింగర్‌లో మి.లీ.కు కోటి చొప్పున కలిపి, 100 మైక్రోలీటర్లు 1.5 మి.లీ. ట్యూబులో తీసుకో. అంటే ట్యూబుకు 10 లక్షలు. ఐయోనోమైసిన్‌ను నేరుగా చుక్క వేయకు. 1 మిల్లీమోలార్ స్టాక్ నుంచి రింగర్‌లో 2 మైక్రోమోలార్ చేసుకొని, ముందే 37 డిగ్రీలకు వేడెక్కించి, సమానంగా 100 మైక్రోలీటర్లు పోయి. చివరికి 1 మైక్రోమోలార్ అయితది, డీఎంఎస్ఓ (స్టాక్ కరిగించిన ద్రావకం) 0.1% దాటదు. కంట్రోల్ ట్యూబుకూ అంతే డీఎంఎస్ఓ ఉండాలె. 15 నిమిషాలకు, 95 డిగ్రీల్లో ఉంచిన 5 రెట్ల లామ్లీ (ఎస్‌డీఎస్) బఫర్ 50 మైక్రోలీటర్లు పోసి, వెంటనే కలిపి, 95 డిగ్రీల్లో 5 నిమిషాలు. అప్పుడు డీఎన్‌ఏతో గంజి తీరుగ జిగటయితది, పిప్పెట్ ఎత్తితే తీగలు సాగుతయి. 26 గేజ్ సూదిలోంచి ఎనిమిది పదిసార్లు లాగితే పల్చబడతది. ఆ తీగలు పోకుండా జెల్‌లో వేస్తే లేన్ పక్కకు జారుతది. 40 మైక్రోలీటర్లు లోడ్ చెయ్యి.

(ఐయోనోమైసిన్ కాల్షియం లవణం 1 మి.గ్రా. వయల్ అయితే 1.34 మి.లీ. డీఎంఎస్ఓలో 1 మిల్లీమోలార్ వస్తది. 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి, చీకట్లో మైనస్ 20లో పెట్టు.)

కాజీపేట_జంక్షన్

పై మాటంతా సరైనదే. అయితే యాంటీబాడీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అది సరిదిద్దకపోతే మిగతావన్నీ సరిచేసినా ఫలితం రాదు.

ఈ కుటుంబానికి రెండు పేర్ల వరుసలు ఉన్నాయి, అవి ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి. ఎన్‌ఫ్యాట్-1 అంటే ఎన్‌ఫ్యాట్ సీ2. ఎన్‌ఫ్యాట్-2 అంటే ఎన్‌ఫ్యాట్ సీ1. ఎన్‌ఫ్యాట్-3 సీ4, ఎన్‌ఫ్యాట్-4 సీ3. 1988లో క్రాబ్‌ట్రీ ల్యాబు ఐఎల్-2 జన్యువు ప్రమోటర్ మీద ఈ కారకాన్ని గుర్తించింది. తర్వాత ఆ ల్యాబూ, అంజనా రావు ల్యాబూ వేర్వేరు సభ్యులను వేర్వేరుగా శుద్ధి చేసి, క్లోన్ చేసి పేర్లు పెట్టడంతో ఈ చిక్కు మిగిలిపోయింది. కాబట్టి మీ సీసాలో ఉన్నది ఎన్‌ఫ్యాట్-2 యాంటీబాడీ. జన్యువు పేరుతో అడగండి: ఎన్‌ఫ్యాట్-1 కావాలంటే 20వ క్రోమోజోమ్ మీది ఎన్‌ఫ్యాట్ సీ2. 18వ దాని మీద ఉన్న సీ1 కాదు. ఎన్‌ఫ్యాట్-5ను ఈ లెక్కలో కలపకండి. దానికి కాల్సిన్యూరిన్ పట్టుకునే చోటే లేదు, అది ఉప్పు గాఢతకు స్పందించేది.

మూడు నాలుగు బ్యాండ్లు ఎందుకు వచ్చాయో కూడా దీంతోనే తెలుస్తుంది. ఎన్‌ఫ్యాట్-2కు పొట్టివీ పొడుగువీ చాలా ఐసోఫారాలు (ఒకే ప్రొటీన్‌కు వేర్వేరు రూపాలు) ఉన్నాయి. వాటి మధ్య ఫాస్ఫేట్ల వల్ల జరిగిన బ్యాండ్ ఏదో, ఐసోఫారం ఏదో విడదీయడం మొదటిసారి చేసేవారి వల్ల కాదు. పైగా ఉత్తేజం తర్వాత గంటలు గడిస్తే పొట్టి ఐసోఫారం కొత్తగా తయారవుతుంది. ఎన్‌ఫ్యాట్-1 విశ్రాంత కణంలోనే నిండుగా ఉంటుంది, దానితో మొదలుపెట్టడం మేలు.

ఎన్‌ఫ్యాట్-1 విశ్రాంతిలో 140 కిలోడాల్టన్ల దగ్గర, ఉత్తేజం తర్వాత 120 దగ్గర కనిపిస్తుంది. నియంత్రణ భాగంలోని పదమూడు సెరీన్ల మీది ఫాస్ఫేట్లు పోతే బరువు ఒక కిలోడాల్టనే తగ్గుతుంది; మిగిలిన జరుగుడంతా జెల్‌లో ఆకారం, ఎస్‌డీఎస్ అంటుకునే తీరు మారడం వల్ల. 12% జెల్‌లో ఈ రెండూ నెత్తిన ఒకే గీతగా కూర్చుంటాయి. 6% జెల్ పోయండి, అది చేతిలో చిరిగిపోతుంటే 7.5%. మార్కర్‌లో 70 కిలోడాల్టన్ల గీత దాదాపు కిందికి వచ్చేదాకా నడపండి, ముందున్న రంగు బయటికి పోయినా పరవాలేదు. పెద్ద ప్రొటీన్ కాబట్టి ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో మెథనాల్ 10%కి తగ్గించి, 30 వోల్టుల దగ్గర రాత్రంతా, 4 డిగ్రీల్లో. కరెంటు పోయే చోట రాత్రి ట్రాన్స్‌ఫర్‌ను నమ్ముకోకండి. 100 వోల్టుల దగ్గర గంటన్నర, ట్యాంకు చుట్టూ ఐస్ పెట్టి పగలే చేయండి. ఐస్ కరిగిపోతే బఫర్ వేడెక్కి జెల్ పొరకు అతుక్కుంటుంది. నడుమ ఒకసారి మార్చాలి.

వాణి_ఇమ్యునో

ఐఎల్-2 రాకపోవడం గురించి. అది తప్పు కాదు శ్రావణీ, జరగాల్సిందే జరిగింది.

ఎన్‌ఫ్యాట్ ఒక్కటే ఐఎల్-2 ప్రమోటర్ మీద గట్టిగా నిలబడలేదు. డీఎన్‌ఏ మీద జీజీఏఏఏ వరుసను అది పట్టుకుంటుంది, పక్కనే ఫాస్-జూన్ జంట, అంటే ఏపీ-1, దానికి భుజం కలుపుతుంది. ఈ మూడూ డీఎన్‌ఏతో కలిసి ఉన్న స్ఫటిక నిర్మాణం 1998లో వచ్చింది. రెండు ప్రొటీన్లూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఒరుసుకున్నాయో అందులో కనిపిస్తుంది. ఐయోనోమైసిన్ ఎన్‌ఫ్యాట్‌ను తెస్తుంది, ఏపీ-1ను తేదు. ఏపీ-1 రావాలంటే పీకేసీ, రాస్-ఈఆర్‌కే సంకేత దారి తెరవాలి. ల్యాబులో ఆ పని పీఎంఏ అనే రసాయనం చేస్తుంది, శరీరంలో టీసీఆర్‌తో పాటు సీడీ28 సంకేతం. జత లేకుండా ఎన్‌ఫ్యాట్ ఒక్కటే కేంద్రకంలో ఉండిపోతే టీ కణం వేరే జన్యువులను తెరుచుకొని మొద్దుబారుతుంది. కణితుల్లో టీ కణాలు అలసిపోవడంలో కూడా దీని చేయి ఉంది. కాబట్టి మీ సున్నా ఎలైజాను పారేయకండి, దాని పక్కన మిగతా బావులు పెట్టండి: డీఎంఎస్ఓ మాత్రమే, ఐయోనోమైసిన్ మాత్రమే, పీఎంఏ మాత్రమే, రెండూ, రెండింటితో సైక్లోస్పోరిన్. పీఎంఏ మి.లీ.కు 20 నానోగ్రాములు, ఐయోనోమైసిన్ 1 మైక్రోమోలార్, ఈసారి మామూలు 10% సీరం ఆర్‌పీఎంఐలోనే, మి.లీ.కు 10 లక్షల కణాలు, 24 గంటలు. నాలుగో బావిలోనే ఐఎల్-2 వస్తుంది. ఆర్‌ఎన్‌ఏ చూడాలంటే 4 నుంచి 6 గంటల మధ్య తీయండి. పీఎంఏ కణితులను పెంచే పదార్థం, చేతితొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

కణాలు ఎక్కువ పెరిగి మి.లీ.కు 20 లక్షలు దాటాక తీసుకున్న జర్కాట్‌లు మందకొడిగా స్పందిస్తాయి. ముందు రోజు 3 లక్షలకు పలచన చేసి, మరునాడు వాడండి.

సూక్ష్మదర్శినిలో కూడా చూపించాలనుకుంటే ముందే చెప్తున్నా: జర్కాట్‌లో కేంద్రకమే కణాన్ని నింపేస్తుంది, సైటోప్లాజం చుట్టూ సన్నని అంచు మాత్రమే. మామూలు ఫ్లోరోసెన్స్‌లో విశ్రాంత కణం కూడా ‘కేంద్రకంలో ఉంది’ అన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే కేంద్రకం పైనా కిందా ఉన్న సైటోప్లాజం వెలుగు దాని మీద పడుతుంది. కాన్ఫోకల్ సూక్ష్మదర్శినిలో నడిమి పొర తీయాలి. అప్పుడు విశ్రాంత కణం నల్లటి నడిమి భాగంతో ఉంగరంలా, ఉత్తేజిత కణం నిండు బిళ్లలా ఉంటుంది. పాలీ-లైసిన్ పూసిన కవర్‌స్లిప్ మీద కణాలను 15 నిమిషాలు కూర్చోబెట్టి, ఉత్తేజం ఇచ్చి, ద్రవం తీయకుండానే సమాన పరిమాణంలో 8% పారాఫార్మాల్డిహైడ్ పోయండి. ద్రవం తీసి కడిగి పోస్తే పైన గొలుసుకట్టు అన్న చెప్పిందే ఇక్కడా జరుగుతుంది.

కరీంనగర్_క్లినికల్‌ల్యాబ్

కాల్షియం లేకుండ ఉత్తేజం ఇచ్చే ఇదే తప్పు రోగుల నమూనాల్లో కూడా జరుగుతది, అందుకే రాస్తున్న. కిడ్నీ మార్పిడి అయినోళ్లు వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ రెండూ కాల్సిన్యూరిన్‌నే ఆపుతయి. టాక్రోలిమస్ ఎఫ్‌కేబీపీ12ను, సైక్లోస్పోరిన్ సైక్లోఫిలిన్‌ను జత కట్టుకొని పోయి దాన్ని మూస్తయి. 1991లో ఈ సంగతి బయటపడింది. మందు ఎంత పనిచేస్తున్నదో చూసేటందుకు కొన్నిచోట్ల రక్తాన్ని పీఎంఏ, ఐయోనోమైసిన్‌లతో ఉత్తేజపరిచి, ఎన్‌ఫ్యాట్ నడిపే ఐఎల్-2, ఇంటర్ఫెరాన్ గామా, జీఎం-సీఎస్ఎఫ్ జన్యువుల ఆర్‌ఎన్‌ఏ కొలుస్తరు.

టాక్రోలిమస్ లెవెల్ కోసం తీసేది ఊదా మూత ఈడీటీఏ ట్యూబు. అదే ట్యూబులో మిగిలిన రక్తాన్ని ఉత్తేజానికి వాడితే ఏమీ రాదు, ఈడీటీఏ కాల్షియాన్ని కట్టేసి ఉంటది. ఆ సున్నా చూసి మందు ఎక్కువైందనుకుంటే తప్పు నిర్ణయమే. ఉత్తేజానికి హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబు వేరుగ తీయాలె. ఇంకొక చిక్కు: రక్తంలోంచి పీబీఎంసీ (లింఫోసైట్లు, మోనోసైట్లు) వేరుచేసి కడిగితే మందు కూడా చాలా వరకు కొట్టుకపోతది, టాక్రోలిమస్ ఎక్కువ భాగం ఎర్రకణాల్లోనే ఉంటది కాబట్టి. కడిగిన కణాలు మామూలు మనిషివి తీరుగ స్పందిస్తయి. పూర్తి రక్తంలోనే చేయాలె.

పీబీఎంసీ వేరు చేసేటోళ్లకు ఒక మాట. ఫికోల్ (కణాలను సాంద్రతను బట్టి విడదీసే ద్రవం) సాంద్రత 1.077 అనేది 20 డిగ్రీల దగ్గరి లెక్క. మే నెలలో మన దిక్కు ఏసీ లేని గదిలో అది పలచబడతది, లింఫోసైట్లు పొర దాటి కిందికి పడి దిగుబడి తగ్గుతది. ఫికోల్, రక్తం, సెంట్రిఫ్యూజ్ మూడూ 20 దగ్గర ఉండాలె. 400 జీ, 30 నిమిషాలు, బ్రేక్ లేకుండ.

శ్రావణి_హనుమకొండ

అందరికీ శనార్తులు. మా పక్క ల్యాబులో ఎన్‌ఫ్యాట్ సీ2 యాంటీబాడీ దొరికింది. రింగర్, వేడి బఫర్, 6% జెల్‌తో చేసిన. ఐయోనోమైసిన్ లేన్‌లో బ్యాండ్ పూర్తిగా కిందికి దిగింది! పాత వయలే.

రెండు అనుమానాలు మిగిలినయి. విశ్రాంత లేన్‌లో పై బ్యాండ్‌తో పాటు కింద సన్నగ ఇంకొకటి ఉన్నది, పదింట రెండు మూడు వంతులంత. సైక్లోస్పోరిన్ లేన్‌లో సగం పైన, సగం కింద. సైక్లోస్పోరిన్ 1 మైక్రోమోలార్‌లో అరగంట ముందే పెట్టిన.

గొలుసుకట్టు

చాలా సంతోషం చెల్లె. రెంటికీ కారణం ఉన్నది.

విశ్రాంత లేన్: రింగర్‌లో కలిపేముందు మళ్లీ పీబీఎస్‌తో కడిగినవా? కాల్షియం లేని దాంట్లో కణాలు ఉన్నంతసేపు లోపలి కుంట ఎండుతుంటది, తూము సగం తెరుచుకొని ఉంటది. ఆ పరిస్థితిలో 2 మిల్లీమోలార్ కాల్షియంలో వేస్తే మందు వేయకుండానే లోపలికి దూకుతది. కడగడం కూడా రింగర్‌తోనే చేసి, 37 డిగ్రీల్లో 30 నిమిషాలు కదిలించకుండా ఉంచు, ఆ తర్వాత మొదలుపెట్టు. స్పిన్ 300 జీ మించొద్దు, పెల్లెట్‌ను గట్టిగ కొట్టి కలపొద్దు.

సైక్లోస్పోరిన్ లేన్: కణాల ట్యూబులో 1 మైక్రోమోలార్ పెట్టి, దాని మీద సమానంగా ఐయోనోమైసిన్ ద్రావణం పోస్తే సైక్లోస్పోరిన్ సగమైతది. ఐయోనోమైసిన్ 2 మైక్రోమోలార్ ద్రావణంలో కూడా 1 మైక్రోమోలార్ సైక్లోస్పోరిన్ కలిపి పోయి. స్టాక్ 1 మి.లీ. డీఎంఎస్ఓకు 1.2 మి.గ్రా. అయితే 1 మిల్లీమోలార్. ఫ్రీజర్ నుంచి తీసినంక గది వేడికి పూర్తిగా కరగనియ్యి, వెలుతురుకు పట్టి చూడు. అడుగున తెల్లటి నూగు కనబడితే 37 డిగ్రీల్లో కాసేపు పెట్టి కలుపు. నీళ్లలో అది బాగ కరగదు, రింగర్‌లో వేసేటప్పుడు ట్యూబును తిప్పుతూ వెయ్యి, లేకుంటే ప్లాస్టిక్ గోడకు అంటుకుంటది.

ఈ రెండు సరిచేసి మూడు లేన్లూ ఒకే జెల్ మీద నడుపు, పక్కన నాలుగో లేన్‌గ థాప్సిగార్గిన్ 1 మైక్రోమోలార్ దొరికితే పెట్టు. అది ఈఆర్ పంపును ఆపి కుంటను ఎండబెడతది, తూము తనంతట తాను తెరుచుకుంటది. ఆ లేన్ కూడా కిందికి దిగితే, ఐయోనోమైసిన్ బలవంతంగ తోలుకొచ్చిన కాల్షియమే కాదు, కణం సొంత తూము గుండా వచ్చినది కూడా చాలునని నీ వైవాలో చూపించొచ్చు.